ఎండాకాలపు తీరం వెంట: పక్షులను, సీతాకోకచిలుకలను గుర్తించే నడక

సముద్ర తీరంలో పక్షులు చూడాలంటే చలికాలమే వెళ్లాలని చాలామంది అంటారు. పులికాట్ సరస్సులో రాజహంసలు దిగేదీ, కాకినాడ దగ్గర బురద మేటల మీద వేల సంఖ్యలో ఉల్లంకి పిట్టలు మేసేదీ అప్పుడే కాబట్టి ఆ మాటలో నిజం ఉంది. అయితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆంధ్ర తీరంలో కనిపించేవి చలికాలంలో కనిపించవు. ఉత్తరానికి బయలుదేరే ముందు వలస పక్షులు తమ బూడిదరంగు వదిలి ఇటుకరంగు, నలుపు, బంగారు వన్నెల ఈకలు తొడుక్కుంటాయి. ఇక్కడే ఉండే పక్షులు కొన్ని నేరుగా ఇసుక మీద గుడ్లు పెడతాయి. ఇసుక తిన్నెల వెనక, జిల్లేడు పొదల మధ్య, సరుగుడు తోటల అంచున సీతాకోకచిలుకలు తిరుగుతుంటాయి. ఈ మూడింటినీ ఒకే ఉదయం మూడు నాలుగు కిలోమీటర్ల నడకలో చూడవచ్చు.

అందుకు పేర్లు కంఠస్థం చేయనక్కరలేదు. ఏ వేళకు, ఏ వెలుగులో, తీరంలోని ఏ పట్టీ మీద నిలబడాలో తెలిస్తే చాలు. పేర్లు మెల్లగా వాటంతట అవే పట్టుబడతాయి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ మూడు విషయాల గురించే.

మొదటి పని: చోటు ఎంచుకోవడం

జనం స్నానాలు చేసే బీచ్ మధ్యలో కాకులు, గద్దలు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. ఏరో, నదో, ఉప్పుటేరో సముద్రంలో కలిసే చోటు కోసం వెతకండి. అలాంటి చోట కొద్ది దూరంలోనే తడి ఇసుక, పొడి ఇసుక, బురద, తిన్నెలు, పొదలు అన్నీ ఉంటాయి. భీమునిపట్నం దగ్గర గోస్తనీ నది ముఖద్వారం ఇందుకు మంచి ఉదాహరణ. బాపట్ల దగ్గర సూర్యలంక, కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ వైపు తీరం, నాగాయలంక నుంచి కృష్ణా నది సముద్రంలో కలిసే దాకా ఉన్న ప్రాంతం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మడ అడవి చూడాలనుకుంటే 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన కోరింగ అభయారణ్యం ఉంది. అక్కడ అటవీ శాఖ వేసిన చెక్క బాట మీద నడవవచ్చు.

పులికాట్ విషయంలో ఒక మాట. ఆంధ్ర వైపున్న సరస్సు భాగం ఎండాకాలంలో చాలావరకు ఎండిపోయి పగుళ్లు తేలిన మైదానం అవుతుంది. రాజహంసల గుంపుల కోసం మే నెలలో సూళ్లూరుపేట దాకా వెళితే నిరాశే మిగులుతుంది. ఆ ప్రయాణం జనవరికి పెట్టుకోండి.

చోటు కుదిరాక అక్కడికి మళ్లీ మళ్లీ వెళ్లడమే మేలు. కొత్త తీరాలు పది తిరగడం కన్నా, ఒకే తీరాన్ని ఏప్రిల్ ఆరంభంలో ఒకసారి, మే నడుమ ఒకసారి, జూన్ వానలు పడ్డాక ఒకసారి చూసినవారికే ఎక్కువ తెలుస్తుంది.

రెండో పని: ఎండనూ ఆటుపోట్లనూ లెక్కవేయడం

మన తీరం తూర్పుముఖం. ఉదయం సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు కాబట్టి ఒడ్డు మీద నిలబడి నీటి అంచు వైపు చూస్తే ప్రతి పక్షీ నల్లటి నీడలాగే కనిపిస్తుంది. కాళ్లు ఎరుపో పసుపో తెలియదు, రెక్క మీద చార తెలియదు. కొత్తవారు మొదట విసిగిపోయేది ఇక్కడే. దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. ఉదయం పూట ఇసుక మేట మీద నిలబడి లోపలి వైపు, అంటే ఉప్పుటేరు వైపు చూడండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, బురద మీది పక్షి ఈక ఈకా కనిపిస్తుంది. నీటి అంచు వెంట నడవాలనుకుంటే దక్షిణ దిశగా నడవండి. మే, జూన్ నెలల్లో సూర్యుడు నడితూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంటుంది. కాబట్టి ఆ వైపు నడిచేవారికి వెలుగు వెనక నుంచి వస్తుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత లెక్క తిరగబడుతుంది. సూర్యుడు నేల వైపు ఉంటాడు కనుక అలల అంచున ఉన్నవాటిని చూడటానికి అది చక్కని వేళ.

ఇక ఆటుపోట్లు. రోజుకు సుమారుగా రెండు పోట్లు, రెండు ఆట్లు ఉంటాయి. ఒక పోటు నుంచి మరుసటి ఆటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది, రోజు రోజుకూ ఆ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది. పక్షులు చూసేవారికి నీరు దిగడం మొదలైన తొలి రెండు గంటలు బంగారం. బురద అప్పుడే బయటపడుతుంది, ఆకలితో ఉన్న పక్షులు దగ్గరగా మేస్తాయి. నీరు పూర్తిగా దిగిపోయాక అవి దూరంగా చెదిరిపోతాయి. నిండు పోటు వేళ కూడా వృథా కాదు. మేత మేట మునిగిపోవడంతో అవన్నీ ఎత్తైన ఇసుక మీద ఒకే చోట గుమిగూడి నిద్రపోతాయి, లెక్కపెట్టడం తేలిక. ఆటుపోట్ల వేళలు, అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ప్రకటిస్తుంది. ఒడ్డున పడవ బాగుచేసుకునే మత్స్యకారుడిని అడిగితే అంతకంటే త్వరగా తెలుస్తుంది.

మే నెలలో సుమారు ఐదున్నరకు తెల్లవారుతుంది. ఐదుంబావుకల్లా ఇసుక మీద ఉండండి. ఎనిమిదింటి దాకా పక్షులు, ఎనిమిది నుంచి పదిన్నర దాకా సీతాకోకచిలుకలు, ఆ తర్వాత ఇంటికి. ఈ క్రమానికి కారణం ఉంది. తొమ్మిది దాటితే ఇసుక మీది వేడిగాలి కదలాడి, వంద మీటర్ల అవతల ఉన్న పక్షి దుర్భిణిలో వణుకుతున్నట్టు కనిపిస్తుంది. సీతాకోకచిలుకలకు మాత్రం ఒంట్లో వేడి చేరితే గాని రెక్కలు ఆడవు. తొలి ఎండలో అవి రెక్కలు పరుచుకుని కూర్చునే పది, ఇరవై నిమిషాలు వాటిని చూడటానికి మంచి సమయం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట తీరానికీ వర్తిస్తుంది. మామూలు రోజుల్లో పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలై వేడి తగ్గిస్తుంది. పడమటి గాలి బలంగా వీచే రోజున ఆ గాలి ఆలస్యంగా వస్తుంది, లేదా అసలు రాదు. తొమ్మిదింటికే నేల వైపు నుంచి వడగాలి ముఖాన కొడుతుంటే నడక అక్కడితో ఆపేయండి. ఎంత మంచి పక్షి కనిపిస్తున్నా సరే.

వెంట తీసుకెళ్లేవి

8x42 దుర్భిణి ఒకటి చాలు. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుంది, చేతి వణుకు తెలియదు, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు ఉండటంతో తెల్లవారుజామున కూడా వెలుగు సరిపోతుంది. కొనేముందు అది ఎంత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపుతుందో చూడండి. రెండు మీటర్ల దూరంలోని పువ్వును చూపగలిగితే అదే దుర్భిణి సీతాకోకచిలుకలకూ పనికొస్తుంది. ముందు కంటితో పక్షిని పట్టుకోండి. చూపు కదలనీయకుండా దుర్భిణిని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. దుర్భిణి పెట్టుకుని వెతకడం మొదలుపెడితే ఆకాశమే దొరుకుతుంది. ఇంటికి వచ్చాక మంచినీటితో తడిపి పిండిన మెత్తని గుడ్డతో దాన్ని తుడవాలి. ఉప్పు గాలి అద్దాల పూతను పాడుచేస్తుంది.

టోపీ, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, పొడుగు చేతుల లేతరంగు చొక్కా, చిన్న నోటు పుస్తకం, పెన్సిలు. పెన్నులో సిరా చెమటకు చెదిరిపోతుంది. ఒంటరిగా కాకుండా ఇంకొకరితో వెళ్లండి. అలల్లోకి దిగవద్దు, లోతు తెలియని బురదలో కాలు పెట్టవద్దు.

తడి ఇసుక మీద: ముందు నడక చూడండి, తర్వాత రంగు

నీటి అంచున పరుగెత్తే చిన్న పక్షులన్నీ మొదట ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసే మొదటి గుర్తు మేత తీరు. నాలుగు అడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, చూసి, ఒక్క పోటు పొడిచి మళ్లీ పరుగెత్తేది ప్లవర్ జాతి. పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. చూపుతో వేటాడుతుంది కనుకే ఆ ఆగడం. తల వంచి, ఆగకుండా బురదను కుట్టుకుంటూ పోయేది ఉల్లంకి జాతి. దాని ముక్కు కొసకు స్పర్శ తెలుస్తుంది, చూడనక్కరలేదు. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పని అయినట్టే.

తర్వాత పరిమాణం. పిచ్చుకంతా, గోరింకంతా, పావురమంతా, కాకంతా అని మనసులో ఒక కొలబద్ద పెట్టుకోండి. ఆ తర్వాత ముక్కు. ముక్కు పొడవు ఆ పక్షి ఎంత లోతు నుంచి ఆహారం తీస్తుందో చెబుతుంది. అందుకే ఒకే బురద మేట మీద పది జాతులు పోట్లాట లేకుండా మేస్తాయి. కిందికి బాగా వంగిన పొడుగాటి ముక్కు కర్ల్యూది. అదే వంపు కాస్త పొట్టిగా, తల మీద చారలతో ఉంటే వింబ్రెల్. కొద్దిగా పైకి తిరిగినది బార్ టెయిల్డ్ గాడ్‌విట్. కాళ్ల రంగు చివర చూడండి. ఎర్రటి కాళ్లు, ఎగిరినప్పుడు రెక్క వెనక అంచున తెల్లని పట్టీ ఉంటే అది రెడ్‌షాంక్.

ఏప్రిల్ నెలకు ప్రత్యేకంగా రంగుల పాఠం ఉంది. చలికాలమంతా బూడిదరంగులో ఉన్న కర్ల్యూ శాండ్‌పైపర్ అనే చిన్న ఉల్లంకి పిట్ట ఇప్పుడు మెడ నుంచి పొట్ట దాకా ఇటుకరంగుకు మారుతుంది. శాండ్ ప్లవర్ ఎద మీద తుప్పురంగు పట్టీ, కళ్ల మీదుగా నల్లని ముసుగు వస్తాయి. పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ ముఖం నుంచి పొట్ట దాకా నల్లబడి, వీపు మీద బంగారు చుక్కలు మెరుస్తాయి. నారింజ కాళ్లతో గవ్వలను, నాచును తిరగేస్తూ కనిపించే రడ్డీ టర్న్‌స్టోన్ వీపు ఎర్రమట్టి రంగు తేలుతుంది. వీటిలో కొన్ని సైబీరియా ఉత్తర కొసన గుడ్లు పెడతాయి. అంత దూరం వెళ్లే ముందు అవి ఆగకుండా తిని కొవ్వు నిల్వ చేసుకుంటాయి. ఆ సమయంలో ఒక గుంపును పదే పదే లేపితే, ఆ పూట తిన్నదంతా ఎగరడానికే ఖర్చయిపోతుంది. ఒడ్డున పక్షుల మీదికి పిల్లలను సరదాగా పరుగెత్తించే పెద్దలకు ఈ సంగతి చెప్పండి. తెలిస్తే చాలామంది మానేస్తారు.

మే నెలాఖరుకు ఈ గుంపులు పలచబడతాయి. అయినా అక్కడక్కడ బూడిదరంగు పక్షులు మిగిలి ఉంటాయి. అవి ఎక్కువగా గత ఏడాది పుట్టినవి, ఇంకా గూడు కట్టే వయసు రానివి. తొలి వేసవి ఇక్కడే గడిపేస్తాయి. పెద్దవి జూలై ఆఖరు నుంచే తిరిగి రావడం మొదలవుతుంది.

తల ఎత్తి చూస్తే నీటిలోకి దూకి చేపలు పట్టే టెర్న్ పక్షులు ఉంటాయి. గల్ పక్షి బొద్దుగా ఉంటుంది, నీటి మీద వాలి తేలుతుంది. టెర్న్ సన్నగా, సూటి రెక్కలతో, ముక్కు కిందికి దించి నీటిని వెతుకుతూ ఎగురుతుంది, చటుక్కున దూకుతుంది. మన తీరంలోని గల్ పక్షులు దాదాపు అన్నీ చలికాలపు అతిథులే. మే నెలలో తెల్లగా ఎగిరేది కనిపిస్తే ముందు టెర్న్ అనే అనుకోండి. వీటిలో అతి చిన్నది లిటిల్ టెర్న్. నల్లని కొసతో పసుపు ముక్కు, నల్లటి తల, తెల్లని నుదురు. నీటి మీద ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి మరీ దూకుతుంది.

గరుడ పక్షిని గుర్తించడం తేలికే. తెల్లని తల, ఎర్రమట్టి రంగు ఒళ్లు. దాని పిల్ల మాత్రం గోధుమరంగులో ఉండి మామూలు గద్దలా కనిపిస్తుంది. తోక చూడండి. గద్ద తోక నడుమ చీలినట్టు ఉంటుంది, గరుడ పక్షిది గుండ్రం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. రేవులు ఖాళీగా ఉండే ఆ రోజుల్లో ఎక్కడైనా ఒడ్డు నుంచి అలివి వల లాగుతుంటే అక్కడికి వెళ్లి పక్కన నిలబడండి. గరుడ పక్షులు, తెల్ల కొంగలు, టెర్న్‌లు అక్కడికి చేరతాయి.

పొడి ఇసుక: ఇక్కడ చూడటం కన్నా తప్పుకోవడం ముఖ్యం

అలలు తాకే గీత దాటి పైకి వస్తే, బాలబంద తీగ పాకిన చోటుకు ముందు, గవ్వలు చెల్లాచెదురుగా పడి ఉన్న ఖాళీ ఇసుక పట్టీ ఒకటి ఉంటుంది. చూడటానికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. వేసవిలో అది పురిటిగది. లిటిల్ టెర్న్, కెంటిష్ ప్లవర్ లాంటివి గడ్డిపోచ కూడా పేర్చకుండా, ఇసుకలో చిన్న గుంట చేసి రెండు మూడు గుడ్లు పెడతాయి. ఇసుకరంగు మీద నల్లని మచ్చలున్న ఆ గుడ్లను రెండడుగుల దూరం నుంచి కూడా పోల్చుకోలేం. కాలు పడితే చప్పుడు కూడా వినిపించదు.

అక్కడి తల్లి పక్షి చేసేది గుడ్లకు వేడి ఇవ్వడం కాదు, వేడి నుంచి కాపాడటం. మండే ఇసుక మీద గుడ్లకు నీడగా నిలబడుతుంది. నీటి దాకా పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తీతువులోనూ ఈ అలవాటు చూడవచ్చు. మీ రాకతో ఆ తల్లి లేచి ఎగిరితే గుడ్లు నేరుగా ఎండకు గురవుతాయి. మే నెల ఎండలో గుడ్డులోని ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు. కాకులు, ఊరకుక్కలు ఆ అవకాశం కోసమే చూస్తుంటాయి.

అందుకే నడక తడి ఇసుక మీదే సాగాలి. పొడి పట్టీని దాటవలసి వస్తే జనం, పశువులు నడిచిన దారినే దాటండి. గూడు దగ్గర్లో ఉందని పక్షులే చెబుతాయి. టెర్న్‌లు మీ తల మీదికి దూసుకువస్తూ అరుస్తాయి. ప్లవర్ ఒక రెక్కను విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పడుతూ లేస్తూ పరుగెడుతుంది. దానికి దెబ్బ తగిలిందని జాలిపడి వెంట వెళ్లకండి. మిమ్మల్ని గుడ్ల నుంచి దూరంగా తీసుకుపోవడానికే అది అలా చేస్తుంది. ఆ క్షణంలో ఆగి, మీ అడుగుజాడల్లోనే వెనక్కి రండి. ఫోటో కోసం కూర్చోవద్దు. ఆ చోటును ఫోటోతో సహా నలుగురికీ పంపవద్దు. జంటను చూడాలనిపిస్తే యాభై, అరవై మీటర్ల దూరంలో కూర్చుని దుర్భిణి వాడండి. మీరు కదలకుండా ఉంటే తల్లి తిరిగి వచ్చి కూర్చుంటుంది. రాకపోతే మీరు ఇంకా దగ్గరగా ఉన్నట్టు, మరికొంత వెనక్కి జరగండి.

ఈ చిన్న ప్లవర్ల మీద శ్రద్ధ పెట్టడానికి ఇంకో కారణమూ ఉంది. శ్రీలంకలోనూ దక్షిణ భారతంలోనూ ఉండేవాటిని చాలాకాలం కెంటిష్ ప్లవర్‌లో ఒక రకంగానే లెక్కించారు. 2023లో పరిశోధకులు వాటిని హనుమాన్ ప్లవర్ అనే ప్రత్యేక జాతిగా తేల్చారు. వేసవిలో తీరం మీద గూడు కట్టే ప్రతి జంట వివరమూ ఇప్పుడు విలువైనదే.

తీరంలో వెదురు తడకలో, వలలో కట్టిన చిన్న ఆవరణ కనిపిస్తే అది సముద్రపు తాబేళ్ల గుడ్ల సంరక్షణ కేంద్రం కావచ్చు. మే నెల దాకా పిల్లలు బయటికి వస్తుంటాయి. అక్కడి కాపలాదారుతో మాట్లాడకుండా లోపలికి తొంగిచూడకండి.

ఉప్పుటేరు, ఉప్పు మళ్లు, మడ చెట్లు

ఇక్కడ నడవడం కన్నా ఒకచోట అరగంట కూర్చోవడం మేలు. గులాబీరంగు పొడుగు కాళ్ల మీద నలుపు తెలుపు పక్షి ఉప్పు మళ్లలో తిరుగుతుంటే అది స్టిల్ట్. గట్ల మీదే గూడు పెడుతుంది కనుక గట్టు మీద జాగ్రత్త. నీటి మీద గాలిలో నిలిచి తలకిందులుగా దూకే నలుపు తెలుపు లకుముకి పిట్ట, మడ కొమ్మల్లో నల్లని టోపీ, ఊదానీలం వీపుతో ఉండే మరో లకుముకి పిట్ట, బురద గట్టున కదలకుండా నిలబడే నారాయణ పక్షి, రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి, అన్నీ మీ దగ్గరికే వస్తాయి. మడ అడవిలో తిల్ల చెట్టు కొమ్మలు విరవకండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

శ్రీకాకుళం జిల్లా కొసన ఉన్నవారు జూన్‌లో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి కూడా చూడవచ్చు. నత్తగుల్ల కొంగలు ఆ ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని తమవిగా చూసుకుంటారు.

తిన్నెల వెనక: సీతాకోకచిలుకల వేళ

ఎనిమిది అయ్యింది. ఇక సముద్రానికి వీపు తిప్పండి. సీతాకోకచిలుకకు గాలి శత్రువు. సముద్రపు గాలి నేరుగా తగిలే తిన్నె ముఖం మీద వెతకకుండా, దాని వెనక పల్లంలో, సరుగుడు తోటకు అవతలి అంచున, మొగలి పొదల చాటున వెతకండి. గాలి ఆగిన చోట, ఎండ పడే చోట, పువ్వు ఉన్న చోట ఆగితే చాలు. గడ్డి చామంతి పూలు పరుచుకున్న పది అడుగుల నేల దగ్గర పావుగంట నిలబడండి. వెంటపడి పరుగెత్తితే ఒక్కటీ దక్కదు. మీ నీడ వాటి మీద పడనీయకండి, రంగును చూడటానికి ముందే అవి నీడ కదలికకు లేచిపోతాయి.

మొక్కను గుర్తుపడితే సీతాకోకచిలుకను గుర్తుపట్టడం సులువు. జిల్లేడు ఆకు కింద తిరగేసి చూస్తే నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు దొరుకుతుంది. అది ప్లెయిన్ టైగర్‌ది. పెరిగిన సీతాకోకచిలుక నారింజరంగు రెక్కలతో, కొసన నలుపు తెలుపుతో, తొందర లేకుండా ఎగురుతుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో ఉంటుంది కనుక పక్షులు దాని జోలికి రావు, అందుకే ఆ నిదానం. వరగోగు చెట్టు ఉన్న ఎండు నేలల్లో స్మాల్ సామన్ అరబ్ ఉంటుంది. లేత గులాబీ కలిసిన నారింజరంగు రెక్కలతో నేలకు దగ్గరగా ఎగురుతుంది. నిమ్మ, కరివేపాకు చెట్లున్న ఊరి అంచున కామన్ మార్మన్, లైమ్ బటర్‌ఫ్లై తిరుగుతాయి.

రెండు జంటల దగ్గర అందరూ తడబడతారు, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. ఆడ డనాయిడ్ ఎగ్‌ఫ్లై అచ్చం ప్లెయిన్ టైగర్ వేషంలో ఉంటుంది. దానికి విషం లేదు, ఆ రూపమే రక్ష. వెనక రెక్క నడుమ మూడు నాలుగు నల్లని చుక్కలు ఉంటే ప్లెయిన్ టైగర్. ఆ చుక్కలు లేకుండా ముందు అంచున ఒకే మచ్చ, రెక్క అంచు ముడతలుగా ఉంటే ఎగ్‌ఫ్లై. మగ ఎగ్‌ఫ్లై వేరే సీతాకోకచిలుక అనిపించేంత భిన్నంగా ఉంటుంది: నల్లని రెక్కల మీద ఊదా మెరుపుతో పెద్ద తెల్లని మచ్చలు. నేల మీద పాకే పాయలాకు మొక్కల దగ్గర కాపలా కాస్తుంది. రెండో జంట క్రిమ్సన్ రోజ్, కామన్ మార్మన్. ఆడ మార్మన్‌లలో ఒక రూపం నల్లని రెక్కలు, తెల్లని పట్టీలు, ఎర్రని మచ్చలతో క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తుంది. రెక్కలు చూస్తే మోసపోతాం, ఒళ్లు చూడండి. క్రిమ్సన్ రోజ్ ఒళ్లు ఎర్రగా ఉంటుంది. మార్మన్ ఒళ్లు నల్లనే.

వేసవిలో గమనించవలసిన మరో సంగతి ఎండుకాలపు రూపాలు. లెమన్ పాన్సీ వంటి జాతులు వానాకాలంలో రెక్క అడుగున స్పష్టమైన కళ్ల గుర్తులతో ఉంటాయి. ఎండాకాలంలో పుట్టినవి అడుగున ఎండుటాకులా వెలవెలబోయి, కళ్ల గుర్తులు చుక్కలుగా మిగులుతాయి. పచ్చదనం లేని నేల మీద అదే వాటికి రక్ష. ఫోన్‌లోని బొమ్మతో పోల్చి ఇది వేరే జాతి అని తేల్చేయకముందు, ఆ బొమ్మ ఏ నెలలో తీసిందో చూడండి.

గుంపులుగా చూడాలంటే రెండు చోట్లున్నాయి. ఒకటి, మంచినీటి ఊట చేరే తడి ఇసుక. అక్కడ మగ సీతాకోకచిలుకలు తొండం దించి లవణాలు పీలుస్తాయి. ఆ పనిలో ఉన్నప్పుడు ఎంత దగ్గరికి వెళ్లినా లేవవు, అడుగు దూరం నుంచి చూడవచ్చు. రెండోది ఎండిపోతున్న నాగదంతి, గిలిగిచ్చ మొక్కలు. బ్లూ టైగర్, కామన్ క్రో అనే సీతాకోకచిలుకల్లో మగవి వాడిన ఆకులను, కాండాలను పట్టుకుని వేలాడతాయి. ఆ మొక్కల్లోని ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు జంట కట్టేందుకు కావలసిన సువాసన తయారీకి పనికొస్తాయి. దక్షిణ భారతంలో ఈ రెండు జాతులూ ఋతుపవనాలకు అటూ ఇటూ గుంపులు గుంపులుగా ఊళ్లు దాటి వలసపోతాయి. అన్నీ ఒకే దిక్కుకు ఎగురుతుంటే కదలకుండా నిలబడండి. రెండు చెట్ల మధ్య ఒక గీత ఊహించుకుని, ఐదు నిమిషాల్లో ఎన్ని దాటాయో, ఏ దిక్కుకో, గాలి ఎటు నుంచో రాసుకోండి. పేరు తెలియకపోయినా ఈ లెక్కకు విలువ ఉంది.

పట్టుకోవడం మాత్రం వద్దు. రెక్క మీది పొలుసులు వేళ్లకు అంటుకుంటే తిరిగి రావు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షులతో పాటు ఎన్నో సీతాకోకచిలుకలకూ రక్షణ ఇస్తుంది.

తిరుగు దారిలో పొదల పక్షులను దాటేయకండి. ఇసుక గట్టుల్లో బొరియలు తవ్వి పిల్లలను పెంచే పసిరిక పిట్టలు, తీగల మీద పాలపిట్ట, తాటి ఆకుల చుట్టూ తిరిగే చిన్న స్విఫ్ట్‌లు, జెముడు కాకి. గిజిగాళ్లు తొలకరి వానలతో గూళ్లు మొదలుపెడతాయి.

ఆఖరి పని: అదే రోజు రాయడం

ఇంటికి చేరగానే, నిద్రకు ముందు, రాయండి. తేదీ, చోటు, మొదలు పెట్టిన వేళ, ముగించిన వేళ, నీరు ఎక్కుతోందా దిగుతోందా, గాలి దిశ. తర్వాత ఒక్కొక్క పక్షి, సంఖ్యతో సహా. వందల్లో ఉంటే పదిని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో చూసి, మిగతా గుంపును ఆ కొలతతో అంచనా వేయండి. పోల్చుకోలేనిదాన్ని ఊహించి పేరు పెట్టకండి. “గోరింకంత, పొట్టి ముక్కు, నల్ల కాళ్లు, పరుగెత్తి ఆగుతోంది” అని రాస్తే అనుభవజ్ఞులు దాన్నుంచి పేరు చెప్పగలరు.

పక్షుల జాబితాలను ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో, సీతాకోకచిలుకల ఫోటోలను ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే అవి మీ ఒక్కరి దగ్గరే ఉండిపోవు, పరిశోధనకు కూడా ఉపయోగపడతాయి. ఫోటోలో రెక్కల పై భాగం, అడుగు భాగం రెండూ ఉంటే గుర్తింపు తేలిక. గూడు ఉన్న చోటు వివరాలు మాత్రం పిల్లలు ఎగిరిపోయేదాకా మీ పుస్తకంలోనే ఉంచి, ఆ తర్వాత నమోదు చేయండి. ఆ తీరంలో వాహనాలు ఇసుక మీదికి ఎక్కుతుంటే మాత్రం ఆగకుండా దగ్గరలోని అటవీ శాఖ కార్యాలయానికి వెంటనే తెలియజేయండి. తొలి రెండు వానలు పడిన వారం, పది రోజులకు అదే దారిన మరోసారి వెళ్లండి. కొత్త చిగుళ్ల మీద గొంగళిపురుగులు కనిపిస్తాయి, ఎండుకాలపు వెలిసిన రెక్కల పక్కనే వానాకాలపు ముదురు రంగు రెక్కలు తిరగడం మొదలవుతుంది.